పడవ ఇసుక తాకాకే

ఆ గురువారం పొద్దున్న ఎనిమిదిమందిని వ్యాన్ ఎక్కించుకుని నవ్వడం మొదలుపెట్టాను. నా ఉద్యోగంలో సగం నవ్వడమే. మిగతా సగం చేపల గురించి చెప్పడం. అప్పటికి మా తమ్ముడు కర్విన్ చేపల వేటకు వెళ్ళి రెండు రాత్రులైంది. మంగళవారం తెల్లవారుజామున వెళ్ళినవాడు అదే సాయంత్రానికి రావాలి. రాలేదు.

"ఇవాళైనా మానెయ్యొచ్చు కదా సిల్వనీ?" అన్నాడు టూసేన్ మామ, స్టీరింగ్ ముందు సర్దుకుని కూర్చుంటూ. వ్యాన్ ఆయనది, నోరు నాది. పదేళ్ళుగా మా దీవి రాజధాని రోసో రేవులో ఓడ దిగిన పర్యాటకుల్ని ఎక్కించుకుని, పడమటి తీరంలో మూడు జాలరి ఊళ్ళు తిప్పి, సాయంత్రానికి మళ్ళీ ఓడకు అప్పజెబుతున్నాం.

"మానేసి ఏం చెయ్యను? ఇంట్లో కూర్చుని గోడలు చూడనా?"

"నీ మొహం చూస్తే వాళ్ళు దడుచుకుంటారే."

"అయితే వెనక్కి తిరగనులే. నువ్వు బండి పోనీ."

నిజానికి నన్ను పొమ్మన్నది మా మరదలు యూలాలీ, కర్విన్ పెళ్ళాం. "నువ్వు పని మానేసి వచ్చి నా వాకిట్లో కూర్చున్నావంటే ఊరంతా వచ్చి కూర్చుంటుంది వదినా. అప్పుడిక చావింట్లో ఉన్నట్టే ఉంటుంది. నువ్వు పో. మీవాళ్ళకి ఎప్పట్లాగే మధ్యాహ్నం నేను వండి పెడతా" అంది. ప్రతి గురువారం మా పర్యాటకుల భోజనం మా ఊరు లారోష్‌లో, ఆమె చేతి వంటే. మా ఊరి మగవాళ్ళందరూ పడవలేసుకుని వెతకడానికి పోయారు. తీరరక్షణ వాళ్ళ బోటు కూడా తిరుగుతోంది. ఆడవాళ్ళం చెయ్యగలిగింది ఏమీ లేదు. అందుకే నాకు ఒళ్ళు మండిపోతోంది.

మొదటి ఊరు ఆన్స్ నువార్. అక్కడ వలలు బాగుచేసే ముసలివాళ్ళ దగ్గర ఆగుతాం. నేను వల కంతలో వేలు పెట్టి, "ఇందులోంచి దూరిపోయే చేప ఇంకా పసిది, పోనిస్తాం. దూరలేనిది మీ మధ్యాహ్నం భోజనం" అంటాను. ఆవేళా అన్నాను. వాళ్ళు నవ్వినట్టు వినిపించింది. చూడలేదు, ఎందుకంటే సముద్రం వైపు తిరిగి చెప్పాను.

వల కుడుతున్న పెద్దాయన తల ఎత్తకుండానే మా భాషలో అడిగాడు. "ఏమైనా తెలిసిందా?"

"లేదు."

"ఇంజను చచ్చుంటుంది. పక్క దీవి గ్వాదలూప్ వైపు కొట్టుకుపోయుంటాడు."

"అయితే కబురు రావద్దా?"

"నీళ్ళ మీద కబురు ఎవడు మోసుకొస్తాడమ్మా!" అన్నాడు. అని, నా మొహం చూసి, "వస్తుందిలే" అని సర్దుకున్నాడు.

మామూలుగా అయితే అక్కడే శంఖం బయటికి తీస్తాను. మొన కోసేసిన పెద్ద శంఖం, మా నాన్నది. పడవ చేపలతో ఒడ్డు చేరితే జాలరి శంఖం ఊదుతాడు, ఊళ్ళో ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని రేవుకి దిగొస్తారు. దానికొక నియమం ఉంది. పడవ అడుగు ఇసుక తాకాకే ఊదాలి. చేపలెన్ని ఉన్నా, ఒడ్డు ఎంత దగ్గరున్నా, తాకకముందు ఊదకూడదు. "నీళ్ళ మీదున్నంతసేపూ అది ఇంకా మనది కాదు" అనేవాడు నాన్న. ఒక్కొక్కరి ఊపిరి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, పిండి కలుపుతున్న ఆడది తల ఎత్తకుండానే ఎవరి పడవ వచ్చిందో చెప్పేస్తుంది. కర్విన్ ఊదితే పొడుగ్గా సాగి, చివర్లో తెగి, మళ్ళీ పైకి లేస్తుంది. వాడి ముందుపన్ను సగం విరిగింది. పెళ్ళిలో పంటితో సీసా మూత తీశాడు వెధవ. నా ఊపిరి పొట్టిగా, సూటిగా, ఎవరినో తిడుతున్నట్టు ఉంటుందట.

పర్యాటకులకు ఇదంతా చెప్పి, నేనొకసారి ఊది, తర్వాత వాళ్ళ చేతికి ఇస్తాను. వాళ్ళు బుగ్గలు పూరించి, మొహాలు ఎర్రబడి, ఫొటోలు దిగుతారు. యూలాలీకి ఇది నచ్చదు. "అది పిలుపు వదినా. పిలిచి ఉత్త చేతులు చూపిస్తే ఎలా?" అంటుంది. "ఆన్స్ నువార్‌లో ఊదితే మీకేం వినపడి చస్తుందే, మధ్యలో మూడు కొండలుంటే?" అని దబాయించేదాన్ని.

ఆవేళ శంఖాన్ని సంచి అడుగున, తువ్వాలు కింద పెట్టాను. రావలసిన పడవ రాకుండా ఉందంటే, దాని సంగతి తేలేదాకా ఈ తీరంలో ఎవరూ శంఖం ముట్టుకోరు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పచ్చగౌను వేసుకున్న ఒకావిడ చేతిలోని కాగితం చూసి, "శంఖం ఊదడం అని రాసి ఉందే ఇక్కడ?" అంది.

"శంఖానికి ఇవాళ గొంతు బాగాలేదండీ" అన్నాను. టూసేన్ మామ పక్కకి తిరిగి దగ్గాడు.

బయల్దేరి రెండు మలుపులు తిరిగాక మామ అద్దంలో చూసి, "ఎంతమందే మనవాళ్ళు?" అన్నాడు. లెక్కపెట్టాను. ఏడుగురు. గడ్డిటోపీ పెట్టుకున్న పెద్దాయన లేడు. పదేళ్ళలో ఎప్పుడూ ఒక మనిషిని వదిలేసి రాలేదు. వెనక్కి పోయి చూస్తే, ఆయన వలల పక్కన పీట మీద కూర్చుని ఒక ముడి వెయ్యడం నేర్చుకుంటున్నాడు. క్షమించమన్నాను. "పర్వాలేదమ్మా, మీరు వస్తారని తెలుసు" అన్నాడాయన. ఆ మాట నాకెందుకో గుచ్చుకుంది.

రెండో ఊరు పాయింట్ మిషో. దానికీ మా లారోష్‌కీ మధ్య ఒక్క కొండకొమ్మే, సముద్రంలోకి పొడుచుకొచ్చింది, అడ్డం. ఆ కొమ్ము మీదుగా కాలిబాటన నడిస్తే పావుగంట, పరుగెత్తితే అంతకంటే తక్కువ. అక్కడ చెట్టు మానుని తొలిచి పడవ చేసే పాక ఉంది. వడ్రంగి చెప్పేది చెబుతుంటే పర్యాటకులు కొబ్బరినీళ్ళు తాగుతూ వింటున్నారు. నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పాకలోకి పోయాను, బయటికొచ్చాను, మళ్ళీ పోయాను. వడ్రంగి విసుక్కున్నాడు. "కూర్చోవే తల్లీ, నా చెక్కంతా తొక్కేస్తున్నావ్!"

నీళ్ళ అంచుకు వచ్చి నిలబడ్డాను. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. అప్పుడు కొండకొమ్ము చివర నుంచి ఒక పడవ ముక్కు బయటికొచ్చింది. నీలం రంగు, దాని మీద పసుపు చార.

ఆ నీలం ఆ తీరంలో ఇంకెవరికీ లేదు. మా నాన్న రెండు డబ్బాలు కలిపి చేసిన రంగు, ఇప్పటికీ నేనే కలిపి ఇస్తాను. కర్విన్ పడవే! నా చెయ్యి సంచిలోకి ఎప్పుడు పోయిందో తెలీదు. తువ్వాలు ఇసుకలో పడింది. శంఖం నోటికి ఆనింది. ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాను. ఒకసారి కాదు, మూడుసార్లు. పడవ ఇసుకకి ఇంకా అరమైలు దూరంలో ఉంది.

వెనక చప్పట్లు వినిపించాయి. పర్యాటకులు పాకలోంచి బయటికి పరుగెత్తుకొచ్చారు. ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. "బ్రావో!" అంటోంది పచ్చగౌను ఆవిడ. "మళ్ళీ ఒకసారి, మళ్ళీ ఒకసారి! మొదటిసారిది ఫోన్లో తియ్యలేకపోయాను" అంటోంది.

పడవ దగ్గరకొచ్చింది. అందులో నిలబడ్డవాడు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు, వద్దు అని. వాడు మా పినతండ్రి కొడుకు డీడియే. పొద్దున్నుంచీ కర్విన్‌ని వెతుకుతూ, ఆయిలు అయిపోవస్తుంటే ఒడ్డుకొస్తున్నాడు. పోయినేడు రంగు మిగిలితే పారబోయడం ఎందుకని వాడికిచ్చింది నేనే. నా చేత్తో నేనే ఇచ్చి మర్చిపోయాను.

"ఏం చేశావక్కా!" అని అరిచాడు నీళ్ళలోంచే.

ఏం చేశానో అప్పటికే తెలిసిపోయింది. కొండకొమ్ము మీది బాటలో దుమ్ము లేచింది. యూలాలీ పరుగెత్తుకొస్తోంది. చెప్పుల్లేవు. మోచేతుల దాకా పిండి. గిన్నె లేదు, ఏమీ లేదు, ఉత్త చేతులు. తిన్నగా నీళ్ళలోకి మోకాళ్ళదాకా దిగిపోయి, పడవ అంచు పట్టుకుని లోపలికి చూసింది. డీడియే తల వంచుకున్నాడు. ఆమె పడవ అడుగునంతా చూసింది, అక్కడ మనిషి దాక్కునే చోటు లేకపోయినా.

తర్వాత ఇటు తిరిగింది. నన్ను చూసింది, నా చేతిలో శంఖాన్ని చూసింది, నా వెనక పైకెత్తిన ఫోన్లని చూసింది.

"బేరం బాగా సాగుతోందా సిల్వనీ?" అంది.

పద్దెనిమిదేళ్ళలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"అది కాదే యూలాలీ. పడవ కనిపించింది. ఆ రంగు చూసి..."

"పడవ ఇసుక తాకిందా?"

నేను శంఖాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"ఆయన ఊపిరి కాదని కొండకొమ్ము అవతలే తెలిసింది నాకు. నీదేనని తెలిసింది. ఈ మనిషి నాటకాలాడుతోంది, పోవద్దు అనుకున్నా. అయినా కాళ్ళు ఆగి చచ్చాయా?" ఆమె గొంతు పైకి లేవలేదు, అరిస్తే బాగుండుననిపించింది. "వంట అవుతుంది. మీవాళ్ళకి రేవులో బాదంచెట్టు కింద పెట్టించుకో. ఆయన్ని తీసుకొచ్చేదాకా నువ్వు మాత్రం నా గుమ్మం తొక్కకు."

వచ్చిన బాటనే వెనక్కి పోయింది, ఈసారి నడుచుకుంటూ. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. నేను పర్యాటకుల కోసం ఊదలేదని గట్టిగా అరిచి చెప్పాలనుంది. కానీ పదేళ్ళుగా ప్రతి గురువారం ఊదింది వాళ్ళ కోసమేగా? ఇవాళ ఒక్కరోజు నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

లారోష్ చేరేసరికి మా కంటే ముందే సంగతి చేరింది. ఫోను పలకని ఊరు మాది, అయినా చేరింది. ఇళ్ళన్నీ కొండవాలున, రేవు కింద. రేవు నుంచి పైకి తొంభై మెట్లు, ఆ చివర యూలాలీ ఇల్లు. తలుపు మూసి ఉంది. రేవులో ఒక్క ఆడది లేదు. టూసేన్ మామే మెట్లెక్కి గిన్నెలు మోసుకొచ్చాడు. వేయించిన రొట్టెలు, ఉడికించిన బ్రెడ్‌ఫ్రూట్ కాయ, ఉల్లిపాయలు వేసి వండిన ఉప్పుచేప. ఏ ఒక్కదానిలోనూ ఉప్పు ఎక్కువ కాలేదు, మాడలేదు. ఆ చేతులు ఎలా వండాయో నాకర్థం కాలేదు. ముద్ద దిగక, నిలబడే అందరికీ వడ్డించాను.

"తాజా చేప అని రాశారు కదండీ?" అంది పచ్చగౌను ఆవిడ.

"తెచ్చేవాడు ఇంకా రాలేదండీ" అన్నాను. నవ్వుతూ అనాలనుకున్నాను. నవ్వు రాక గిన్నె మూత సర్దాను.

గడ్డిటోపీ పెద్దాయన ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. టూసేన్ మామ ఆయనకి చెప్పినట్టున్నాడు. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆయన నా పక్కకొచ్చి, "నేను తీసింది చెరిపేశానమ్మా. మిగతావాళ్ళూ చెరిపేశారు" అన్నాడు. మంచిమనిషే. కానీ చెరిపేయవలసింది ఆయన ఫోన్లో లేదు, కొండ మీద ప్రతి ఇంటి చెవిలోనూ ఉంది.

మూడయింది. మామ వాచీ చూసుకున్నాడు. అయిదింటికి ఓడ బయల్దేరుతుంది. "ఎక్కించు సిల్వనీ. ఇంక ఆగలేం."

"నేను రాను మామా. నువ్వే తీసుకుపో."

"ఇక్కడుండి ఏం చేస్తావే?"

"ఏమో!"

ఇద్దరు ముగ్గురు వ్యాన్ ఎక్కారు. అప్పుడే ఇంజను చప్పుడు వినపడింది, మా ఇంజన్లలాంటిది కాదు, బరువైనది. కొండకొమ్ము దాటి ఒక పెద్ద తెల్ల పడవ వచ్చింది, గ్వాదలూప్ జాలర్లది. దాని వెనక తాడు. తాడు చివర నీలం ముక్కు, పసుపు చార.

ఈసారి నేను కదల్లేదు. శంఖం సంచిలో ఉంది. సంచి మీద రెండు చేతులూ పెట్టి అదిమిపట్టి నిలబడ్డాను. తెల్ల పడవ వాళ్ళు తాడు వదిలారు. నీలం పడవ అలల మీద తోసుకుంటూ వచ్చింది. అందులో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముఖం నల్లగా మాడి వాచిపోయింది. పడవ ముందుకొచ్చింది, వెనక్కి జారింది, మళ్ళీ వచ్చింది. "తాకు, తాకవే" అంటున్నాను పైకే. అడుగు ఇసుకలో గర్రుమంది.

అప్పుడు ఊదాను.

ఊదాను, ఆగాను, మళ్ళీ ఊదాను. కొండ మీద ఒక్క తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ ఊదాను. సగం మెట్ల దగ్గరి ఇంట్లోంచి ముసలి జోసెఫీన్ కిటికీ రెక్క కాస్త తీసి, ఇటు చూడనైనా చూడకుండా, "ఇంక చాలు, ఆపవే తల్లీ! ఆ దరిద్రాన్ని సముద్రంలో పారెయ్!" అని ధడాలున మూసేసింది.

కర్విన్‌ని టూసేన్ మామ, గడ్డిటోపీ పెద్దాయన చెరో చెయ్యీ పట్టుకుని దించారు. కాళ్ళు నిలవక పడవ పక్కనే ఇసుకలో కూలబడ్డాడు. చుట్టూ చూశాడు.

"ఏంటక్కా, ఒక్కళ్ళూ లేరేంటి?" వాడి గొంతు గీరుకుపోయి ఉంది. "యూలాలీ ఏది?"

"పైనే ఉందిరా. రావట్లేదు."

"ఎందుకు రాదు?"

"నా వల్ల" అన్నాను. అని ఏడ్చేశాను. ముక్కు చీదుకుంటూనే చెప్పాను, డీడియే పడవ సంగతి, రంగు సంగతి, అన్నీ. "నేను ఊదితే ఇంక నమ్మరు. నేను మెట్లెక్కి పోతాను, తిట్టినా కొట్టినా సరే."

"ఆగు. దాని సంగతి నీకు తెలీదా? నువ్వెళ్ళి చెబితే తలుపు తియ్యదు" అని చెయ్యి చాపాడు. "ఇటివ్వు."

"నీ పెదాలు చూసుకున్నావురా?"

"ఇవ్వక్కా!"

పెదాలు ఉప్పుకి నిలువునా చీలిపోయి ఉన్నాయి. శంఖం ఆనించి ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పచ్చగౌను ఆవిడ పరుగెత్తుకొచ్చి నీళ్ళసీసా నోటికందించింది. రెండు గుక్కలు తాగి, మిగతాది మొహం మీద పోసుకుని, మళ్ళీ ఊదాడు. ఈసారి బొంగురుగా, గరగరమంటూ ఒక శబ్దం లేచింది. అది సాగింది, చాలాసేపు సాగింది. చివర్లో తెగింది. నేను ఊపిరి బిగబట్టాను. మళ్ళీ పైకి లేచింది.

శంఖం దించేసరికి దాని అంచున నెత్తురు ఉంది.

జోసెఫీన్ కిటికీ తెరుచుకుంది. ఈసారి రెండు రెక్కలూ బార్లా. ఆ పైన ఇంకో తలుపు, ఆ పక్కన ఇంకొకటి. ఆడవాళ్ళు వాకిళ్ళలోకొచ్చి నిలబడ్డారు, కానీ ఒక్కరూ కిందికి దిగలేదు. అందరూ పైకి, ఆఖరి మెట్టు వైపు చూస్తున్నారు.

యూలాలీ తలుపు తెరుచుకుంది. ఆమె బయటికొచ్చింది. చంకలో ఎనామెల్ గిన్నె, రోజూ చేపల కోసం తెచ్చేదే. పరుగెత్తలేదు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగింది, మామూలు రోజున దిగినట్టే. పొద్దున్న మోసపోయిన కాళ్ళని ఇప్పుడు గట్టిగా పట్టుకుని నడిపిస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. తొంభై మెట్లూ దిగడానికి ఎంతసేపు పట్టిందో! టూసేన్ మామ వాచీ సంగతి మర్చిపోయాడు.

ఇసుకలోకి వచ్చి, వాడికి చెయ్యంత దూరంలో ఆగింది. మొహం వైపు చూడలేదు. ముందు పడవలోకి చూసింది.

"చేపలేవి?" అంది.

"లేవే" అన్నాడు కర్విన్.

ఆమె తలాడించింది. నా వైపు తిరగకుండానే, చంకలో గిన్నె తీసి పక్కకి చాపింది.

"వదినా, ఇది పట్టుకో" అంది.

పట్టుకున్నాను.